కెల్టుల వేసవి కొండలు, చలికాలపు ఇళ్ళు: ప్రాచీన పశువుల వలస గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర గొడ్లకు గడ్డుకాలం ఎండాకాలం. చెరువు అడుగంటుతుంది, గట్ల మీద పచ్చిక మాడిపోతుంది, వాములో గడ్డి ఎన్నాళ్ళొస్తుందో లెక్కలు మొదలవుతాయి. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ వైపు దీనికి తలకిందులు. అక్కడ వేసవి అంటే గొడ్లకు పండగ, చలికాలమే గండం. ఈ ఒక్క తేడాను మనసులో ఉంచుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది. దాన్ని మర్చిపోతే మాత్రం "పచ్చగా ఉన్న ఊరు వదిలి కొండెక్కడం ఏమిటి?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. గొడ్లున్న ఇంట్లో పెరిగిన నాకూ మొదట అక్కడే తట్టుకుంది.

కెల్టులంటే ఎవరు? ఇది ఏ కాలం సంగతి?

కెల్టులంటే ఒక రాజ్యమో ఒకే జాతో కాదు. ఒకదానికొకటి చుట్టరికం ఉన్న భాషలు మాట్లాడిన అనేక జనాలు. క్రీస్తుకు ముందటి వెయ్యేళ్ళలో వీళ్ళు ఆల్ప్స్ కొండల చుట్టుపక్కల, గాల్ అనే ఇప్పటి ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో కొంత మేర, బ్రిటన్, ఐర్లాండ్ దీవుల్లో ఉండేవారు.

వాళ్ళ పశువుల గురించి మనకు తెలిసింది మూడు దారుల్లో వచ్చింది. ఒకటి, గ్రీకు, రోమన్ రచయితలు బయటినుంచి చూసి రాసింది. రెండు, మట్టిలో దొరికిన ఎముకలు, దొడ్ల ఆనవాళ్ళు, కుండలు. మూడోది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది, క్రీ.శ. 7, 8 శతాబ్దాల్లో ఐరిష్ భాషలోనే రాసుకున్న న్యాయగ్రంథాలు. ఐర్లాండ్ ఎన్నడూ రోమ్ పాలన కిందికి వెళ్ళలేదు కాబట్టి అక్కడి కట్టుబాట్లు చాలాకాలం సొంత దారిలోనే నడిచాయి. వీటికి తోడు 16వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా జనం కళ్ళారా చూసిన అలవాట్లున్నాయి. ఏ సంగతి ఏ కాలానిదో ఎక్కడికక్కడ చెబుతూ వస్తాను. రెండు వేల ఏళ్ళ ముచ్చట్లన్నిటినీ ఒకే గంపలో పోసి "కెల్టుల ఆచారం" అనేస్తే అది ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

మందను కొండకు ఎందుకు తోలేవారు? ఊళ్ళో మేత చాలకనా?

చాలక కాదు. మే నెలలో ఊరి చుట్టూ ఉన్న పచ్చికంత మంచి మేత ఇంకెక్కడా ఉండదు. అంత మంచిది కాబట్టే దాన్ని వదిలి వెళ్ళాలి. వేసవంతా మంద అక్కడే మేస్తే నవంబరు వచ్చేసరికి నేల బోడి అవుతుంది, చలికాలంలో గొడ్లు నిలబడవు.

ఇంగ్లండ్‌లో ఉన్న బీడ్ అనే క్రైస్తవ సన్యాసి క్రీ.శ. 731లో ఐర్లాండ్ గురించి ఒక మాట రాశాడు: అక్కడ మంచు మూడు రోజులకు మించి నిలవడం అరుదు, అందుకే చలికాలం కోసం వేసవిలో గడ్డి కోసి ఎండబెట్టేవాళ్ళు గానీ పశువులకు కొట్టాలు కట్టేవాళ్ళు గానీ ఉండరు. దీని అర్థం ఏమిటంటే వాళ్ళకు గడ్డివాము లేదు. వాళ్ళ వాము నేల మీదే నిలబడి ఉంది. వేసవిలో ఎవరూ ముట్టకుండా వదిలిన పచ్చికే చలికాలపు దాణా. దాన్ని కాపాడాలంటే గొడ్లను కళ్ళకు కనిపించనంత దూరం తోలెయ్యాలి. ఆవు ఎదురుగా ఉంటే ఏ కంచె ఆపుతుంది?

రెండో కారణం చేలు. బార్లీ, ఓట్స్ మొలకెత్తే రోజులవి. ఊరి పశువులన్నీ ఊరిమీదే ఉంటే పంట చేతికి రాదు. మూడోది కొండగడ్డి స్వభావం. తేమనిండిన ఎత్తు నేలల్లో పెరిగే గరుకుగడ్డి మే నుంచి ఆగస్టు దాకా మెత్తగా, రసంగా ఉంటుంది. శరత్తు వచ్చేసరికి పాలిపోయి గొడ్డు మూతిపెట్టని పీచవుతుంది. అప్పుడే మేపాలి, లేకపోతే వృథా. అంటే ఊళ్ళో దాచుకునే గడ్డి ఒకటి, కొండమీద ఉన్నప్పుడే తినేయాల్సిన గడ్డి ఒకటి. ఈ రెంటినీ జతచేసిన లెక్కే ఈ వలస.

ఏ రోజున బయలుదేరేవారు?

ఏడాదిని వాళ్ళు రెండు ముక్కలు చేశారు. మే 1 బెల్టెయిన్, వేసవికి తలుపు. నవంబరు 1 సావిన్, చలికాలానికి తలుపు. మందలు బెల్టెయిన్‌కు కొండెక్కి సావిన్‌కు దిగేవి. వీటి మధ్య మరో రెండు పండగలున్నాయి: ఫిబ్రవరి 1 ఇంబోల్క్, ఆగస్టు 1 లూనసా. ఇంబోల్క్ గొర్రెలు ఈని పాలు దిగే వేళ. నాలుగు పండగల్లో మూడింటికి పశువులతో నేరుగా ముడి ఉంది. నాలుగోది కోతల పండగ.

రెండు మంటల మధ్య నుంచి ఆవుల్ని తోలేవారట, నిజమేనా?

క్రీ.శ. 900 ప్రాంతంలో కార్మాక్ అనే రాజూ బిషప్పూ అయిన పండితుడి పేరు మీద ఉన్న పాత నిఘంటువులో ఆ మాట ఉంది. బెల్టెయిన్ నాడు డ్రూయిడ్ పూజారులు మంత్రాలు చదువుతూ రెండు మంటలు వేసేవారని, ఆ ఏడు రోగాలు రాకుండా పశువుల్ని వాటి మధ్య నుంచి నడిపించేవారని అందులో రాశారు. అప్పటికే ఐర్లాండ్ క్రైస్తవ దేశం. ఆ రచయిత పాతకాలపు ముచ్చటగానే చెబుతున్నాడు. కానీ మే నెల మంటలు, వాటి పొగలో గొడ్లను తోలడం ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో ఆధునిక కాలం దాకా కనిపించాయి. సంక్రాంతి ముందు భోగిమంట చూసి పెరిగినవాళ్ళకు ఆ వేడి ముఖానికి తగిలినట్టే ఉంటుంది. రెంటికీ చుట్టరికం ఉందని అనడం లేదు. నిప్పు ముందు నిలబడి కొత్త రుతువును పిలవడం మనకు కొత్త కాదు, అంతే.

మందలో ఏయే జీవాలుండేవి?

క్రీ.శ. 700 ప్రాంతంలో రాసిన ఒక ఐరిష్ న్యాయగ్రంథం ఏ అంతస్తు రైతుకు ఎన్ని జీవాలుండాలో లెక్కగట్టి చెప్పింది. చిన్న రైతుకు అన్నీ ఏడేసి: ఏడు ఆవులు, వాటికో ఆబోతు, ఏడు పందులతో ఒక ఈనే పంది, ఏడు గొర్రెలు, పనికీ సవారీకీ పనికొచ్చే ఒక గుర్రం. పై అంతస్తు ఆసామికి 20 ఆవులు, రెండు ఆబోతులు, ఆరు ఎద్దులు, 20 పందులు, 20 గొర్రెలు, ఇంకా సవారీ గుర్రం. ఇది చట్టం ఊహించిన నమూనా, జనాభా లెక్క కాదు. అయినా అందరి దగ్గరా రకరకాల జీవాలు కలిసే ఉండాలని వాళ్ళు ఎంత సహజంగా అనుకున్నారో ఇది చూపిస్తుంది.

ఆ ఆవులు చిన్నవి. ఇనుప యుగపు ఎముకలు కొలిస్తే భుజం దగ్గర మీటరుకు కాస్త పైన. మన పుంగనూరు ఆవుకన్నా కొంచెం పెద్దవి, ఒంగోలు గిత్త పక్కన నిలబెడితే దూడలా కనిపిస్తాయి. గొర్రెలు ఎలా ఉండేవో చూడాలంటే స్కాట్లాండ్‌కు పడమటి సముద్రంలో సెయింట్ కిల్డా దీవుల సోయ్ గొర్రెల్ని చూడొచ్చు. సన్నగా, గోధుమరంగులో, మేకల్లా గెంతుతాయి. వాటి ఉన్ని కత్తిరించక్కర్లేదు, వేసవి మొదట్లో తనంతట ఊడివస్తుంది, చేత్తో పీకెయ్యొచ్చు. ఇంగ్లండ్‌లో 1972లో పీటర్ రేనాల్డ్స్ మొదలుపెట్టిన బట్సర్ అనే ప్రయోగ వ్యవసాయ క్షేత్రంలో ఇనుప యుగపు సేద్యాన్ని చేసి చూడటానికి ఈ గొర్రెల్నే పెంచారు.

అన్నిటినీ కలిపి మేపితే ఒకదాని మేత ఇంకొకటి తినెయ్యదా?

గొడ్లు కాసినవాళ్ళకు ఈ ప్రశ్న అక్కర్లేదు. ఆవుకు పైదవడ ముందువైపు పళ్ళుండవు. నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది, కాబట్టి దానికి పొడుగు గడ్డి కావాలి. గొర్రె మూతి సన్నం, నేల అంటుకుని కొరుకుతుంది. మేక తల ఎత్తి ముళ్ళపొదలు, చిగుళ్ళు చూస్తుంది. గుర్రం గరుకుదీ నమిలేస్తుంది. ముందు ఆవులు వెళ్ళి పొడుగు గడ్డి తీస్తే వెనక గొర్రెలకు లేత గడ్డి తేలుతుంది. ఒకే కొండ నుంచి నాలుగు నోళ్ళు నాలుగు రకాల మేత తీసుకుంటాయి.

చిక్కు తిండిలో రాదు, లెక్కలో వస్తుంది. ఉమ్మడి కొండమీద ఎవరెన్ని జీవాలు తోలొచ్చు? అందుకు ఆవును కొలమానంగా పెట్టుకున్నారు. ఒక ఆవు మేతకు ఇన్ని గొర్రెలు సమానం, ఒక గుర్రానికి ఇంత అని లెక్క. స్కాట్లాండ్‌లో దీన్ని సౌమింగ్ అంటారు, ఐర్లాండ్‌లో కాలప్. ఈ కాలప్ అనే మాట పడ్డకు పాత ఐరిష్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది. తన వంతు కన్నా ఎక్కువ జీవాలు తోలినవాడు ఊరందరి గడ్డి దొంగిలించినట్టే.

పందులూ కొండకెళ్ళేవా?

పంది దారి వేరు, దాని రుతువూ వేరు. దానికి అసలు పండగ శరత్తులో, ఓక్ అడవుల్లో కాయలు రాలేటప్పుడు. ఆ కాయలు విరగకాసిన ఏడాదిని, ఏటేటి సంగతులు రాసిపెట్టిన ఐరిష్ చరిత్ర పట్టికలు రాజుల చావులతో, యుద్ధాలతో పాటు ప్రత్యేకంగా నమోదు చేశాయి. ఇక గాల్ సంగతి గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో చెప్పాడు: అక్కడి పందులు ఆరుబయటే తిరుగుతాయట, ఎత్తు, ధైర్యం, వేగం ఉన్నవట, అలవాటు లేనివాడు దగ్గరికి వెళితే ప్రమాదమట. వాటి ఉప్పుమాంసం రోమ్‌కూ ఇటలీకీ వెళ్ళేదని కూడా రాశాడు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పుగనుల దగ్గరైతే కెల్టుల పేరు వినిపించడానికి చాలా ముందే, కంచు యుగంలోనే, పందిమాంసాన్ని ఉప్పులో ఊరబెట్టిన పెద్ద చెక్క తొట్లు బయటపడ్డాయి.

కొండమీద ఎక్కడ ఉండేవారు? ఎంత దూరం?

దూరం చాలాచోట్ల ఎక్కువ కాదు. ఉదయం బయలుదేరితే సాయంత్రం పాలు పితికే వేళకు చేరిపోవచ్చు. ఐర్లాండ్‌లో ఈ వేసవి మకాంను బూలీ అంటారు. బో అంటే ఆవు, బూలీ అంటే ఆవులు ఉండే, పాలు పితికే చోటు. స్కాట్లాండ్‌లో షీలింగ్ లేదా ఆరి. వేల్స్‌లో హవోడ్, అంటే వేసవి ఇల్లు. దానికి జత హెండ్రె, పాత ఇల్లు, చలికాలంలో ఉండే కింది ఇల్లు.

పాక అంటే పెద్దగా ఊహించుకోకండి. కోలగా, చిన్నగా, రాళ్ళతోనో పచ్చిక గడ్డలతోనో పేర్చిన గోడ, పైన కొమ్మలు, వాటిమీద మట్టిగడ్డలు. లోపల నిప్పు, ఒక పక్క పరుపుగా ఎండిన పొద. దగ్గర్లో వాగు తప్పనిసరి. పాల కుండలు కడగాలి, వెన్న చల్లబడాలి. ఇప్పటికీ ఆ కొండల్లో తిరిగేవాళ్ళకు పాత మకాంలు దూరం నుంచే తెలిసిపోతాయి. చుట్టూ గోధుమరంగు గడ్డి మధ్య ఒక్కచోట ముదురు పచ్చని మచ్చ కనిపిస్తుంది. వందల ఏళ్ళు ఆవులు రాత్రిళ్ళు పడుకుని వేసిన పేడ బలం అది. మన దగ్గర మంద పెట్టిన చేను మరుసటేడు ఎలా నల్లగా ఏపుగా లేస్తుందో, అదే సూత్రం.

ఎవరు వెళ్ళేవారు? ఊరంతానా?

తర్వాతి శతాబ్దాల్లో ఎక్కువచోట్ల వెళ్ళింది ఆడవాళ్ళు, ముఖ్యంగా పెళ్ళికాని పిల్లలు, వాళ్ళతో చిన్నకుర్రాళ్ళు. పాలు పితకడం, వెన్న తీయడం ప్రాచీన ఐర్లాండ్‌లోనూ ఆడవాళ్ళ పనే. మగవాళ్ళు చేల పనికి ఊళ్ళో ఉండి మధ్యమధ్య వచ్చి పాకలు బాగుచేసి, వెన్న మోసుకెళ్ళేవారు. వయసులో ఉన్న ఆడపిల్లలకు పెద్దల కన్ను లేకుండా నెలల తరబడి! స్కాట్లాండ్ కొండ జనం మాట్లాడే గేలిక్ భాష పాటల్లో షీలింగ్ అనగానే ప్రేమ గుర్తొచ్చేది అందుకే.

అందరూ ఇష్టపడి వెళ్ళలేదని కూడా చెప్పాలి. క్రీ.శ. 5వ శతాబ్దంలో బ్రిటన్ నుంచి 16 ఏళ్ళ కుర్రాణ్ణి ఐరిష్ దొంగలు ఎత్తుకొచ్చి బానిసగా అమ్మారు. ఆరేళ్ళు అతను మంద కాశాడు. మంచులో, వానలో తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకునేవాణ్ణని తర్వాత తానే రాసుకున్నాడు. ఆ కుర్రాడే ఐర్లాండ్ ఇప్పటికీ పండగ చేసుకునే సెయింట్ పాట్రిక్. ఆ కొండల పచ్చదనం గురించి మాట్లాడేటప్పుడు ఆ పిల్లాడి చలి గుర్తుంచుకోవాలి.

దూడలు కూడా వెంట వెళ్ళేవా? అవి పాలు తాగేస్తే మనిషికేం మిగులుతుంది?

దూడ లేకపోతే మనిషికి చుక్క కూడా మిగలదు. పాతకాలపు ఆవు దూడను చూస్తే గానీ చేపదు. మా ఇంట్లో అమ్మ ముందు దూడను వదిలేది. అది పొదుగును నాలుగుసార్లు కుమ్మి కుడిచి, పాలు చేపుకు వచ్చాయని నోటి పక్క నురగ కనిపించగానే దాన్ని లాగి ఆవు ముందరికాలికి కట్టేసేది. ఆవు దాన్ని నాకుతూ ఉంటే అమ్మ చెంబు పట్టుకునేది. ప్రాచీన ఐర్లాండ్‌లోనూ అంతే. పగలు దూడల్ని వేరే దొడ్లో ఆపి, పితికేటప్పుడు తల్లి దగ్గరికి వదిలేవారు.

దూడ చచ్చిపోతే? స్కాట్లాండ్‌లో దూడ చర్మంలో గడ్డి కుక్కి ఆవు పక్కన నిలబెట్టేవారు. దాని పేరు టల్కన్. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను కాసేపు అలాగే ఉండిపోయాను. మా ఊళ్ళోనూ గడ్డి కుక్కిన దూడ చర్మాన్ని ఆవు నాకుతుంటే పాలు పితకడం చూశాను. ఎక్కడి స్కాట్లాండ్, ఎక్కడి మా దొడ్డి. ఆవు ఒక్కటే కాబట్టి ఉపాయమూ ఒక్కటే అయింది.

అన్ని పాలు ఏం చేసేవారు?

కొండమీద పాలు నిలవవు, కాబట్టి నిలవుండేవిగా మార్చాలి. వెడల్పు చెక్కపాత్రల్లో పోసి మీగడ తేలనిచ్చి, చిలికి వెన్న తీసేవారు. మిగిలినది తాగడానికి, విరిచి జున్నుగడ్డలు చేయడానికి. పాలతో చేసినవన్నిటికీ ఐరిష్‌లో తెల్ల తిండి అనే అర్థంలో ఒకే పేరుండేది. వేసవంతా జనానికి అదే ఆధారం. మాంసం చలికాలపు తిండి. పాత కథల్లో ఐర్లాండ్ పడమటి ప్రాంతమైన కానాక్ట్ రాణి మేవ్ చావు ఎలా వచ్చిందంటే, ఆమె తోడబుట్టినదాని కొడుకు ఒడిసెలలో గట్టి జున్నుముక్క పెట్టి విసిరాడట! ఆ జున్ను ఎంత గట్టిదో వినేవాళ్ళకు తెలుసు కాబట్టే ఆ కథ నిలబడింది.

వెన్నను కొందరు బురదనేలలో పాతిపెట్టేవారు. పీట్ అనే ఆ నల్లని తడినేల చల్లన, పుల్లన, గాలి చొరదు. ఐర్లాండ్‌లో పీట్ తవ్వుతుంటే చెక్క డబ్బాల్లో, బెరడులో చుట్టిన వెన్నముద్దలు వందలకొద్దీ దొరికాయి. 2019లో వెలువడిన ఒక పరిశోధన వాటిలో కొన్నిటి వయసు 3,500 ఏళ్ళ దాకా ఉందని, అది పాల కొవ్వేనని తేల్చింది. కెల్టుల కన్నా ముందు మొదలై వాళ్ళ తర్వాతా నడిచిన అలవాటిది. నిలవ కోసమా, దొంగల భయమా, దేవతకు మొక్కా? అన్నిటికీ ఒకే కారణం వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

ఒకరి ఆవు ఇంకొకరి చేలో పడితే ఏం చేసేవారు?

ప్రాచీన ఐరిష్ చట్టంలో నాకు బాగా నచ్చే భాగం ఇది. పొరుగువాళ్ళ మధ్య చట్టం అని ఒక పూర్తి గ్రంథమే ఉంది. భూమి పంచుకున్నవాళ్ళు కంచెలు వేయాలి, ఒకరికొకరు ముందుగానే తాకట్టు పెట్టుకోవాలి. కంచె ఎన్ని రకాలు, ఏది ఎలా కట్టాలి అన్నది రాసుకున్నారు: రాతిగోడ, కందకం తవ్వి గట్టు వేయడం, కర్రల కంచె. చేను మేస్తే జరిమానా ధాన్యపు బస్తాల్లో. ఆవు దానంతట అది పడిందా, మనిషి తోలాడా అన్నదాన్నిబట్టి తప్పు మారుతుంది. తేనెటీగలకు కూడా ఒక చట్టం రాశారు. ఈగలు పక్కవాడి పూలమీద మేస్తున్నాయి కాబట్టి అతనికీ వాటా ఉండాలని అందులో ఉంది.

బాకీ తీర్చనివాడి గొడ్లను పట్టి దొడ్లో కట్టే పద్ధతి కూడా ఉంది. గడువు లోపల విడిపించుకోకపోతే మెల్లమెల్లగా అవి పట్టినవాడి సొత్తవుతాయి. మన ఊళ్ళలో బందెలదొడ్డిని చూసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆవే డబ్బట కదా?

అవును, లెక్క దానితోనే. పాలిచ్చే ఆవు ఒక ప్రమాణం. దానికి పైన కుమల్ అనే పెద్ద ప్రమాణం ఉండేది. న్యాయగ్రంథాల్లో తరచు దాన్ని మూడు పాడియావులతో సమానంగా లెక్కేశారు. ఆ మాటకు అసలు అర్థం ఆడబానిస. ఆ సమాజం ఎవరిని ఎలా తూచిందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. స్థితిమంతుడైన రైతు పేరే ఆవుల ఆసామి. పెద్దవాడు చిన్నవాడికి ఆవుల్ని అప్పుగా ఇచ్చేవాడు, చిన్నవాడు ఏటా దూడలు, వెన్న, సేవ రూపంలో తీర్చేవాడు. అంతకు ఎనిమిది వందల ఏళ్ళ పైచిలుకు ముందు గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఉత్తర ఇటలీ కెల్టుల గురించి ఇలాంటిదే అన్నాడు: వాళ్ళ ఆస్తి పశువులు, బంగారం, ఎందుకంటే ఎక్కడికైనా వెంట తీసుకుపోగలిగినవి అవే.

దొంగల నుంచి, తోడేళ్ళ నుంచి ఎలా కాపాడుకునేవారు?

నడిచే ఆస్తికి నడిపించుకుపోయే దొంగ ఉంటాడు. పాత ఐరిష్ వీరగాథల్లో మందల దోపిడీ ఒక ప్రత్యేక కథారకం. వాటిలో పెద్దది ఒక గోధుమ ఆబోతు కోసం మేవ్ రాణి చేసిన దండయాత్ర. మహాభారతంలో విరాటుడి గోవుల్ని కౌరవులు పట్టుకుపోయే ఘట్టం తెలిసిన మనకు ఆ లోకం పరాయిగా అనిపించదు.

ఊళ్ళో రక్షణ గుండ్రని మట్టికట్ట. ఐర్లాండ్‌లో ఇలాంటి కట్టల ఆనవాళ్ళు దాదాపు 45,000 దాకా గుర్తించారు. ఎక్కువ భాగం క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దం వరకు ఉన్న రైతుల నివాసాలు. కొండమీద అంత కట్టడం ఉండదు, అక్కడ దిక్కు కుక్క. క్రీ.శ. 10వ శతాబ్దపు రాజు హవెల్ పేరు మీదున్న వేల్స్ చట్టం, పొద్దున మందకు ముందు నడిచి సాయంత్రం మంద వెనక ఇంటికొచ్చే కుక్క విలువ ఒక ఎద్దుతో సమానమంది. తోడేళ్ళు ఐర్లాండ్‌లో 18వ శతాబ్దం దాకా ఉన్నాయి.

సావిన్ తర్వాత ఏమయ్యేది?

మంద దిగేది. ఆవులు వేసవంతా ముట్టని పచ్చికలోకి, కోసిన చేలలోకి వెళ్ళేవి. చలి దాటగలవి ఏవో, దాటలేనివి ఏవో అప్పుడే తేల్చుకోవాలి. ముసలివి, పనికిరాని కోడెదూడలు కోతకు వెళ్ళేవి. విందులన్నీ ఆ రోజుల్లోనే పడటానికి ఒక కారణం అదే. లెక్క తప్పి మార్చి దాకా చలి సాగితే చూడి ఆవులే ముందు కూలేవి. ఐరిష్ చరిత్ర పట్టికల్లో పెద్ద మంచు, పశువుల చావు అనే మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి.

అందరు కెల్టులూ ఇలాగే చేశారా?

లేదు. నేలనుబట్టి పద్ధతి. బ్రిటన్ లోపలి జనం ఎక్కువమంది ధాన్యం వేయరని, పాలు, మాంసం తిని తోళ్ళు కట్టుకుంటారని జూలియస్ సీజర్ రాశాడు. కానీ తవ్వకాల్లో ఆ ప్రాంతాల్లోనే గోధుమ, బార్లీ నిలవచేసిన గోతులు బోలెడు దొరికాయి. అతను అక్కడిదాకా వెళ్ళి చూడలేదు.

పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ ఐర్లాండ్‌లోనే ఉంది. క్లేర్ జిల్లాలోని బరెన్ అనే సున్నపురాతి గుట్టల మీదికి గొడ్లను చలికాలంలో ఎక్కిస్తారు! వేసవి ఎండను పట్టి ఉంచిన రాయి చలికాలంలో వెచ్చదనాన్ని మెల్లగా వదులుతుంది, వాన నీరు నిలవకుండా ఇంకిపోతుంది, పగుళ్ళలో గడ్డి పెరుగుతూనే ఉంటుంది. వేసవిలో అక్కడ నీళ్ళుండవు కాబట్టి మే నెలకు దించేస్తారు. రైతులు ఇప్పటికీ అలాగే చేస్తున్నారు. ఏటా అక్టోబరు చివర గొడ్లను ఎక్కించే రోజును ఊరంతా పండగ చేసుకుంటుంది. చలికాలంలో అవి ముతకగడ్డి తినేయడం వల్లే వసంతంలో ఆ రాళ్ళ మధ్య నీలి జెన్షియన్ పూలకు చోటు దొరుకుతుంది.

మన గొల్ల కురుమల వలసతో దీనికి పోలిక ఉందా?

పని ఒకటే, నడక వేరు. తెలంగాణ, రాయలసీమ కాపరులు మేత, నీళ్ళు వెతుక్కుంటూ మెట్టనుంచి మాగాణి వైపు చాలా దూరం వెళతారు. రైతు చేలో మంద పెట్టి ఎరువుకు బదులుగా గింజలో డబ్బో తీసుకుంటారు. బూలీకి వెళ్ళేవాళ్ళది తమ ఊరి కొండే, దూరం తక్కువ, పాడియావు ప్రధానం. మన కాపరి లేనిచోటు నుంచి ఉన్నచోటుకు నడుస్తాడు. వాళ్ళు ఉన్నదాన్ని దాచుకోవడానికి నడిచారు.

మాటలో మాత్రం నిజమైన చుట్టరికం ఉంది. ఆవు అనేది మన సొంత మాట. సంస్కృతం నుంచి తెచ్చుకున్న గోవు మాత్రం ఐరిష్ బోకు తోబుట్టువు, రెండూ ఒకే పాత వేరు నుంచి వచ్చినవే. ఐరిష్‌లో అబ్బాయిని బూఖల్ అంటారు, దాని అసలు అర్థం ఆవుల కాపరి. దారిని బోహర్ అంటారు, అందులోనూ బో ఉంది. దారి ఎంత వెడల్పుండాలో కార్మాక్ నిఘంటువు చెప్పింది: ఒక ఆవు నిలువుగా, ఒక ఆవు అడ్డంగా, వాటి దూడలతో సహా పట్టాలి.

ఎప్పుడు ఆగిపోయింది? ఇప్పుడు వెళ్ళి చూడొచ్చా?

1590లలో ఐర్లాండ్‌లో ఉద్యోగం చేసిన ఆంగ్ల కవి ఎడ్మండ్ స్పెన్సర్ ఈ బూలీల మీద మండిపడ్డాడు. కొండల్లో ఉండేవాళ్ళు ప్రభుత్వానికి దొరకరని, దొంగలకు ఆశ్రయమిస్తారని అతని ఫిర్యాదు. తర్వాత భూములు చేతులు మారాయి, ఉమ్మడి కొండలకు కంచెలు పడ్డాయి, బంగాళాదుంప వచ్చాక జనం కొండ వాలుల్లోనూ స్థిరపడ్డారు. స్కాట్లాండ్‌లో భూస్వాములు గొర్రెల కోసం ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించారు. అలవాటు దానంతట అది చావలేదు, చాలాచోట్ల దాని కాళ్ళ కింది నేలను లాగేశారు. అయినా స్కాట్లాండ్ పడమటి సముద్రంలోని లూయిస్ దీవిలో 20వ శతాబ్దం మధ్యదాకా కుటుంబాలు ఆవులతో షీలింగ్‌కు వెళ్ళాయి.

చూడాలంటే ఐర్లాండ్ పడమటి అంచున అకిల్ దీవికి వెళ్ళండి. స్లీవ్‌మోర్ కొండ కింద 80 నుంచి 100 దాకా రాతి ఇళ్ళు పైకప్పుల్లేకుండా వరసగా నిలబడి ఉంటాయి. ఊరు ఖాళీ అయ్యాక కూడా పక్క ఊళ్ళవాళ్ళు వాటిలో కొన్నిటిని వేసవి బూలీలుగా వాడుకున్నారు. లోపలికి వంగి వెళ్ళి గోడ అడుగున చూడండి. కొన్ని ఇళ్ళలో పలుపు కట్టుకోవడానికి రాతిలో వదిలిన కంతలు కనిపిస్తాయి. మనుషులు పడుకున్న గదిలోనే, నిప్పుకు అవతలి పక్కన.